అయ్యవారే ముందు నేర్చుకున్నారు

అరకు వెళ్ళి బొర్రా గుహలూ ధింసా నృత్యమూ చూచి వచ్చిన పెద్దమనిషి ఎవరైనా "అక్కడి పిల్లలకు చదువు అబ్బదండీ" అంటే నమ్మకండి. మన అబ్బాయిని చీనాదేశం పంపి, చీనా భాషలో లెక్కలు చెప్పిస్తే వాడికి మాత్రం ఏం అబ్బుతుంది?

అరకు ప్రాంతపు పిల్లవాడు ఇంట్లో కువి మాట్లాడవచ్చు, కొండ భాష మాట్లాడవచ్చు. సంతలో నలుగురినీ కలిపేది ఆదివాసీ ఒడియా. బళ్ళో తెలుగు. పట్నం కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీషు. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చినవాణ్ణి "ఇంగ్లీషు రాదు" అని వెనక బెంచీకి పంపిస్తాం. వాడికి మూడు భాషలు వచ్చునన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఈ చిక్కు ఎక్కడున్నదో గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) ఏనాడో పట్టుకున్నారు. వాడుక భాషకోసం ఆయన చేసిన వాదాలు అందరమూ చదువుకున్నవే. సవరలకోసం పడిన పాట్లు తెలిసినవారు తక్కువ. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండగా, సవరలకు చదువు చెప్పాలంటే ముందు వారి మాట తనకు రావాలనుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అదేమంత సుళువా? సవరకు తెలుగుతో చుట్టరికం లేదు, అది ముండా కుటుంబపు భాష. ఊపిరి గొంతులోనే టక్కున ఆగిపోయే ధ్వని ఒకటుంది, మన అక్షరమాలలో దానికి చోటే లేదు. అటువంటి భాషలో ఆయన వాచకాలు వ్రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి పుచ్చుకున్న క్వినైను చెవులు తీసింది. ధ్వనులకోసం బ్రతికిన మనిషికి చెవుడు! అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు.

తరువాత భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండ భాషను పరిశీలించి 1969లో గ్రంథం ప్రచురించారు. పండితుల చేతికి పుస్తకాలు వచ్చాయి, సరే. మరి పిల్లల చేతికో? అందుకు 2004 దాకా ఆగవలసి వచ్చింది. ఆ యేడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ వంటి ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి మొదలైంది. లిపి తెలుగే, మాట మాత్రం ఇంటిది. అక్షరం తెలిసిన మాటతో చేతికి వస్తుంది, ఆ అక్షరం పట్టుకుని తరగతి తరగతికీ తెలుగులోకి నడవవచ్చు.

2019లో విజయనగరం జిల్లాకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమే వచ్చింది. పై చదువుల్లో వెనకబడినవారికి ప్రత్యేకంగా ఇంగ్లీషు తరగతులు పెడితే మంచిదే. కాని అక్కడా భారమంతా కుర్రవాడిదేనా? మేష్టారు వాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకుని, పాఠంలో ఏ మాట దగ్గర ఆగిపోతున్నాడో, దాన్ని ఇంట్లో ఏమంటారో అడిగి చూడవచ్చు. సవర కుర్రవాడైతే మధ్యలో తెలుగుతో కూడా పనిలేదు. పంతులుగారి నిఘంటువు తిన్నగా సవరనుంచి ఇంగ్లీషుకే పోతుంది.