టైలు పగిలేది బరువుకు కాదు

మా హాల్లో సోఫా కింద ఒక టైలుకు మూల నుంచి మధ్యదాకా వెంట్రుకంత బీట ఉంది. పన్నెండున్నర కిలోల డంబెల్ చేయి జారిన రోజు పడిందది. మోకాలెత్తు నుంచే పడింది, కింద రంగురంగుల ఫోమ్ మ్యాట్ కూడా ఉంది. టైల్స్ మేస్త్రీ వచ్చి తాపీ పిడితో చుట్టూ తట్టి, “ఇక్కడ బోలు సార్” అన్నాడు. అదే షేడ్ టైలు ఎక్కడా దొరకలేదు. అందుకే సోఫా అక్కడికి జరిగింది.

అపోహ: విట్రిఫైడ్ టైలు గట్టిది, దానికేమీ కాదు.

గట్టిదే, గీత కూడా సులువుగా పడనివ్వదు. కానీ గీతకు ఓర్చుకోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. ఇత్తడి చెంబు కిందపడితే సొట్టపోతుంది, పింగాణీ కప్పు పగులుతుంది. టైలు పింగాణీ జాతిది. కింద సిమెంటు మాలు నిండుగా ఉంటే దెబ్బ స్లాబులోకి దిగిపోతుంది, మాలు అందని చోట అంతా టైలే మోయాలి. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. బోలు ఉన్నచోట చప్పుడు మారుతుంది. అక్కడ మాత్రం బరువులు పెట్టొద్దు.

అపోహ: ఇంట్లో వంద కిలోలు పెడితే స్లాబు కూలుతుంది.

మా అమ్మ భయం ఇదే. సత్యనారాయణ వ్రతానికి పదిహేను మంది ఒకే గదిలో కూర్చుంటే దాదాపు వెయ్యి కిలోలు, అప్పుడెవరికీ ఈ అనుమానం రాదు. మన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్లలో గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు 200 కిలోలు, లెక్కలోకి తీసుకుని కడతారు. పాత మిద్దెలు, ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలు అయితే ఇంజనీరును అడగాల్సిందే.

నిలకడగా ఉన్న బరువుతో పేచీ లేదు, అది పడి ఆగే తీరుతోనే. 20 కిలోల డంబెల్ మీటరు ఎత్తు నుంచి పడి ఒక సెంటీమీటరులో ఆగితే సగటు దెబ్బ రెండు టన్నులు. నాలుగు సెంటీమీటర్లలో ఆగితే అర టన్నే. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి సంగిడి రాళ్లెత్తే పోటీల్లో రాయిని ధనాలున వదిలేసినా ఫర్వాలేదు. మన్ను గుంటపడి దెబ్బను మింగేస్తుంది. టైలుకు ఆ దయ లేదు.

అపోహ: ఫోమ్ మ్యాట్ పరిస్తే చాలు.

నేనూ అలాగే అనుకున్నాను. డంబెల్ అంచు తగిలే చోటు అరచేతిలో సగం కూడా ఉండదు. ఆ కాస్త చోట ఫోమ్ అణిగి కాగితంలా అవుతుంది, మిగతా దెబ్బ టైలుదే. పైగా బరువెత్తేటప్పుడు పాదం కింద మెత్తగా కుంగడం మడమకూ మంచిది కాదు. దెబ్బను ముందు వెడల్పుగా పంచాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వేసి, పైన దట్టమైన రబ్బరు మ్యాట్ పరచాలి. ఎండీఎఫ్ బోర్డు చౌకే గానీ, రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్లలో ఉబ్బిపోతుంది. నల్ల రబ్బరును నేరుగా తెల్ల మార్బుల్ మీద పరిస్తే మరక పట్టవచ్చు. ఆ పాత ఫోమ్ మ్యాట్ ఇప్పుడు ప్లైవుడ్ కింద, టైలుకు గీతలు పడకుండా, బుద్ధిగా పనిచేస్తోంది.

అపోహ: ఛాంపియన్లే బార్‌ను వదిలేస్తారు, మనం వదిలితే ఏం?

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తిన చోట కింద ఉన్నది ప్రత్యేకంగా కట్టిన వేదిక, బార్‌కు ఉన్నవి రబ్బరు ప్లేట్లు. రబ్బరు బంపర్ ప్లేట్లు కొన్నంత మాత్రాన మన పడగ్గది ఆ వేదిక కాదు.

ఇక చప్పుడు. రబ్బరు వేస్తే కింది ఇంటికి వినబడదనేది కూడా అపోహే. ‘టంగ్’మనే మోత తగ్గుతుంది, ‘ధబ్’మనే అదురు మాత్రం స్లాబు, గోడల గుండా దిగిపోతుంది. మా కింది ఫ్లాట్ పిన్నిగారు ఓ ఉదయం లిఫ్టులో, “పొద్దున్నే పిండి దంచుతున్నారా బాబూ?” అని అడిగారు. ఆ రోజు నుంచి ప్రతి డంబెల్‌నూ రెండు చేతులతో, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించుతున్నాను.