పంచభూత ధారణలో శరీరశాస్త్రం

పృథివి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం అనే పంచభూతాలకూ, నేటి రసాయనశాస్త్రం మూలకాలని పిలిచే హైడ్రోజన్, ఆక్సిజన్ వంటి పదార్థాలకూ సంబంధం లేదు. ప్రపంచం ఇంద్రియాలకు ఏయే గుణాలుగా అందుతుందో దాన్నిబట్టి పూర్వులు చేసిన వర్గీకరణ అది. ఆకాశానికి శబ్దం ఒక్కటే గుణం కాగా, వాయువులో స్పర్శ, అగ్నిలో రూపం, జలంలో రసం, పృథివిలో గంధం క్రమంగా వచ్చి చేరతాయి కనుక, ఐదు గుణాలూ ఉన్న పృథివి అన్నింటికంటే స్థూలమని, ఆకాశం అన్నింటికంటే సూక్ష్మమని శాస్త్రకారులు నిర్ణయించారు. తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమాన్ని ఆకాశం నుంచి పృథివి దాకా దించుకురాగా, యోగగ్రంథాలు సాధనను పృథివి వద్ద ఆరంభించి ఆకాశం దాకా తీసుకువెళ్తాయి.

ఆ సాధన పేరు పంచధారణ. మనసును ఒకేచోట నిలిపి ఉంచడాన్ని ధారణ అంటారు. ఘేరండ సంహిత ఒక్కొక్క భూతంపై ఐదు ఘడియలపాటు, అంటే రెండు గంటలపాటు, ధారణ చేయాలని విధిస్తుంది. యోగతత్త్వోపనిషత్తు పాదాల నుంచి మోకాళ్ల వరకు పృథివికి, అక్కడి నుంచి గుదస్థానం వరకు జలానికి, హృదయం వరకు అగ్నికి, కనుబొమల నడుమ వరకు వాయువుకు, శిరస్సు పైభాగం వరకు ఆకాశానికి స్థానాలుగా చెబుతుంది. ఈ కాలపు గృహస్థుకు ఒక్కో స్థానం వద్ద రెండు మూడు నిమిషాలు చాలు. గుండె వేగాన్ని, కడుపులోని బిగువును, ఊపిరి లోతును మెదడు లోపలి నుంచే పసిగట్టే శక్తిని శాస్త్రజ్ఞులు అంతర్గత సంవేదన అంటారు. ఇందులో ఇన్సులా అనే మెదడు భాగానికి ముఖ్య పాత్ర ఉంది. కోపమైనా భయమైనా మాటగా బయటపడకముందే దవడలోనో కడుపులోనో కనిపిస్తుంది కనుక, పాదాల నుంచి శిరస్సు దాకా ధ్యాసను నడిపించే ఈ అభ్యాసం ఆ గుర్తింపుకు మంచి శిక్షణ అవుతుంది.

ఐదింటిలో ఆధునిక శాస్త్రం అత్యంత బలంగా సమర్థించేది వాయువును. గుండె, జీర్ణకోశం వంటివి మన ఇష్టానికి లోబడకుండా నడుస్తాయి. శ్వాస మాత్రం దానంతట అది నడుస్తూనే, కోరితే మన మాటా వింటుంది. పెద్దలు విశ్రాంతిలో నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుని, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం నిశ్వాసంలో పెరగడమే దీనికి ప్రధాన కారణం. రక్తపోటులో సహజంగా పది సెకన్లకొకసారి వచ్చే హెచ్చుతగ్గులతో నిమిషానికి ఆరు శ్వాసల లయ సరిగ్గా కలుస్తుంది కనుక, ఆ వేగంలో రక్తపోటును సరిదిద్దే నాడీవ్యవస్థ చురుకుగా స్పందిస్తుంది. ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతులపై చేసి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, లాటిన్ జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం రెండూ శ్వాసను దాదాపు ఇదే లయకు తెచ్చాయి. రెండు మతాల జపం ఒకే లయను చేరుకోవడం ఎంతో ఆలోచింపజేసే విషయం. శ్వాసలయను పుట్టించే మెదడుకాండంలోని కొన్ని కణాలు అప్రమత్తతను పెంచే కేంద్రానికి సంకేతాలు పంపుతాయని, వాటిని తొలగించిన ఎలుకలు అసాధారణంగా ప్రశాంతంగా ఉన్నాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో చూపారు. శ్రీకాళహస్తిలో వాయులింగాన్ని కొలిచే తెలుగువారికి, ఊపిరికీ మనసుకూ ఉన్న ఈ బంధం పరాయి ఆలోచన కాదు.

జలం విషయంలోనూ స్పష్టమైన ఆధారం ఉంది. ఊపిరి బిగబట్టి ముఖాన్ని చల్లని నీటిలో ముంచినప్పుడు, ముఖంలోని నాడుల నుంచి అందిన సంకేతంతో వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. నీట మునిగే జంతువుల్లో బలంగా కనిపించే ఈ ప్రతిచర్య మనుషుల్లోనూ ఉంది. ఉద్వేగం ముంచెత్తినప్పుడు చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం వెనుక ఉన్న సూత్రం ఇదే. అయితే గుండె జబ్బులున్నవారు ఐసునీటి ప్రయోగాలకు దిగకూడదు. ముక్కును నీటితో శుభ్రం చేసుకునే జలనేతికి కుళాయి నీటిని నేరుగా వాడకుండా, మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన ఉప్పునీటినే వాడాలి; ముక్కు ద్వారా మెదడును చేరి ప్రాణం తీసే నెగ్లేరియా అనే అమీబా నీటిలో ఉండే ప్రమాదం ఉంది.

అగ్ని సంగతికి వస్తే, కంటిలోని ప్రత్యేక కణాలు ఉదయపు వెలుగును గ్రహించి మెదడులోని దేహగడియారాన్ని సరిదిద్దుతాయి. ఆ గడియారం కుదురుగా ఉంటే నిద్ర, నిద్రతోపాటు మనఃస్థితి కుదుటపడతాయి. తాడాసనం, వృక్షాసనం వంటి నిలుచునే భంగిమలు పాదాల స్పర్శపై ధ్యాస నిలపడం ద్వారా పృథివిని సాధనలోకి తెస్తాయి. చెప్పులు విప్పి నేలపై నిలబడితే భూమిలోని విద్యుదావేశం రోగాలను నయం చేస్తుందనే ప్రచారానికి మాత్రం తగిన ఆధారాలు లేవు. ఐదు వేళ్లకు ఐదు భూతాలను కేటాయించి, ముద్రలతో మధుమేహం తగ్గుతుందని చెప్పే పుస్తకాలను నమ్మి మందులు మానేయడం ప్రమాదకరం. చివరిదైన ఆకాశధారణ కొలతకు అందేది కాదు. ఆలోచనలను తరిమేయకుండా, వాటికి చోటిచ్చి చూస్తూ ఉండే ఆ స్థితిని అభ్యాసంతోనే తెలుసుకోవాలి.

తీవ్రమైన దిగులు, ఆందోళన వారాల తరబడి వీడకపోతే సాధనతోపాటు వైద్యసహాయం తప్పనిసరి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగులో కూడా అందుబాటులో ఉంది.