ఉప్పు లెక్క చూచు మూత్రపిండములు

మనము దినమునకు పది గ్రాముల ఉప్పు తిన్నచో, చెమటలో పోవు కొంచెము తప్ప, అందలి సోడియము దాదాపు అంతయు మూత్రమున వెడలిపోవును. మూత్రపిండములు సోడియమును రక్తమునుండి ఏరి పారవేయునని పలువురు తలంతురు. జరుగునది వేరు. అవి మొదట అంతయు వడకట్టి, పిమ్మట కావలసినదానిని వెనుకకు తీసికొనును. వెనుకకు తీసికొనక విడిచినదే మూత్రమున పోవు సోడియము.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల నెఫ్రానులు గలవు. ప్రతి నెఫ్రాను మొదట సన్నని రక్తనాళముల చుట్ట యొకటి ఉండును. రక్తపు ఒత్తిడిచే నీరు, లవణములు దీని గోడలగుండా ఒక సూక్ష్మనాళికలోనికి దిగును. రక్తకణములు, మాంసకృత్తులు రక్తముననే నిలిచిపోవును. ఇట్లు దిగు ద్రవము దినమునకు సుమారు 180 లీటర్లు. అరగంటలో దిగునదే మన రక్తములోని ద్రవభాగమంతటికి ఇంచుమించు సమానము. 180 లీటర్లలోని సోడియమును ఉప్పుగా లెక్కించినచో దాదాపు ఒకటిన్నర కిలో!

ఇందులో నూటికి 99 వంతులకు పైగా తిరిగి రక్తమును చేరును. నాళిక తొలి భాగముననే సుమారు మూడింట రెండు వంతులు, తరువాతి హెన్లీ వంపులో నాలుగవ వంతు మరలివచ్చును. నాళిక గోడలలోని కణములు సోడియమును తోడి రక్తమువైపు నెట్టును. మూత్రపిండములు వినియోగించు ప్రాణవాయువులో అధికభాగము ఈ పనికే ఖర్చగును.

మిగిలిన కొద్దిపాటి సోడియము విషయముననే అసలు నిర్ణయము జరుగును. 1953లో కనుగొనబడిన ఆల్డోస్టెరోను అను అడ్రినల్ గ్రంథుల హార్మోను, నాళిక చివరిభాగము సోడియమును పట్టి ఉంచునట్లు చేయును. ఉప్పు ఎక్కువ తిన్నపుడు దాహమై నీరు త్రాగుదుము. రక్తపు పరిమాణము పెరుగును. అపుడు ఆల్డోస్టెరోను తగ్గును. సాగిన గుండె కర్ణికలు వేరొక హార్మోనును వదలి, సోడియము వెడలుటకు తోడ్పడును. కర్ణికల సారమునకు ఈ శక్తి గలదని 1981లో కెనడాలో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుకలపై పరీక్షించి చూపిరి.

ఈ సర్దుబాటుకు కొద్ది దినములు పట్టును. అంతవరకు సోడియము తనతో నీటిని నిలిపి ఉంచును. ఆవకాయ, అప్పడములు, ఊరమిరపకాయలు దండిగా తిన్న మరునాడు శరీరపు బరువు కొంత పెరుగుట ఇందువలననే.

కొందరిలో అధికపు ఉప్పు వెడలుటకు రక్తపు ఒత్తిడియే పెరుగవలసి వచ్చును. ఉప్పు లెక్క సరిపోవును గాని, ఆ భారము ఏండ్ల తరబడి గుండెపై, రక్తనాళములపై పడును. అందుచేతనే పెద్దలు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఇది ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఊరగాయలోనిది, పచ్చడిలోనిది కూడ ఈ లెక్కలోనిదే.

మూత్రపిండవ్యాధి గలవారు ఉప్పుకు బదులుగా అమ్ము పొటాషియము లవణమును వైద్యుని అడుగక వాడరాదు. పొటాషియము కూడ ముఖ్యముగా ఈ దారినే వెడలవలెను. దారి మూసికొన్నచో అది రక్తమున పేరుకొని గుండెకు ప్రమాదము తెచ్చును.