కీటో: నడిగీత పొరుగున ఒక నగరం

భూగోళపటం మీద భూమధ్యరేఖ వెంబడి వ్రేలు నడుపుకొంటూ పోతే, దక్షిణ అమెరికా పడమటి అంచున ఈక్వెడార్ అనే చిన్న దేశం తగులుతుంది. స్పానిష్ భాషలో ఆ మాటకు భూమధ్యరేఖ అనే అర్థం. ఆ దేశపు రాజధాని కీటో. రేఖకు దక్షిణంగా 25 కిలోమీటర్ల లోపుననే వున్నది. భూమధ్యరేఖ అనగానే మనకు మండుటెండలు, దట్టమైన అడవులు తలపునకు వస్తాయి. కాని కీటోలో సంవత్సరం పొడవునా రాత్రివేళ కంబళి కప్పుకొనక తప్పదు. కారణం ఎత్తు. ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఆ నగరం వెలసింది. మన ఉదకమండలం కంటె అది సుమారు 600 మీటర్లు ఎక్కువ.

ఈ ఎత్తు సంగతి యాత్రికుడు మొదటి రోజుననే గ్రహిస్తాడు. సముద్రతీరాన వుండే వాయుపీడనంలో నూటికి 70 వంతులకు కొంచెం మించి మాత్రమే అక్కడ వుంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కొందరికి తలనొప్పి. నీరు సుమారు 90 డిగ్రీల వేడికే మరగటం వల్ల మూతలేని గిన్నెలో అన్నం త్వరగా ఉడకదు. గాలి చల్లగా వున్నా ఎండ చురుకుగా తాకుతుంది. కనుక మొదటి రోజు మెల్లగా నడవటం, మితంగా తినటం, నీరు బాగా త్రాగటం, తలపై టోపీ ధరించటం మంచిది. బంగాళాదుంపలతో వండి, జున్నుముక్కలు, అవకాడో పండు చేర్చి వడ్డించే లోక్రో అనే వేడి చారు ఆ చలికి చక్కగా సరిపోతుంది.

ఈ పలుచని గాలికీ రేడియో చరిత్రకూ ఒక సంబంధం వున్నది. 1931 డిసెంబరు 25న కీటోలో హెచ్.సి.జె.బి. అనే క్రైస్తవ ప్రచార రేడియో కేంద్రం ఆరంభమైంది. షార్ట్ వేవ్ ప్రసారాలతో దూరదేశాలవారికి పరిచయమైంది. పెద్ద శక్తితో ప్రసారం చేసేటప్పుడు దాని ఏరియల్ కొసలనుండి విద్యుత్తు మంటవలె చిమ్మి, లోహాన్ని కరగించసాగింది. గాలి పలుచనైనకొద్దీ ఇటువంటి విద్యుత్ప్రసరణ సులభమవుతుంది. క్లారెన్స్ మూర్ అనే ఇంజనీరు 1940 దరిదాపులలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కొసలవల్లనే కదా చిక్కు! ఆయన కొసలే లేకుండా తీగను చతురస్రంగా మడిచి కలిపివేశాడు. ఆ చతురస్రపు ఏరియల్‌ను నేటికీ ప్రపంచమంతటా హ్యామ్ రేడియోవారు వాడుతున్నారు. కీటో సమీపాన పీఫోలో వుండిన ఆ కేంద్రపు షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లు మాత్రం 2009లో మూగపోయాయి.

ఇక నగరం. స్పెయిన్ సేనలు రాకముందు ఇక్కడ ఇంకా సామ్రాజ్యపు పట్టణం ఒకటి వుండేది. శత్రువుల వశం కారాదని రూమిన్యావీ అనే ఇంకా సేనాని దానిని తగులబెట్టాడు. ఆ బూడిదపైననే 1534 డిసెంబరు 6న సెబాస్టియన్ దె బెనాల్కాసర్ స్పానిష్ నగరాన్ని నెలకొల్పాడు. ఆ నగరపు పాతభాగం భూకంపాలెన్ని వచ్చినా తన రూపు పోగొట్టుకోలేదు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తొలి జాబితా ప్రకటించినప్పుడు, అందులోని పన్నెండింటిలో కీటో ఒకటి.

ఆ పాతనగరంలో లా కాంపానియా అనే జెసూట్ దేవాలయం తప్పక చూడదగినది. 1605లో ఆరంభమై 1765కు గాని పూర్తి కాలేదు. లోపల గోడలు, కమానులు, పైకప్పు అంతా బంగారురేకు తాపడం. కట్టటానికి 160 ఏళ్లు పట్టిన గుడిలో దాని స్వంతదారులు ఎంతకాలం నిలిచారు? రెండేళ్లు. 1767లో స్పెయిన్ రాజు జెసూట్లను తన రాజ్యాలన్నింటినుండి వెడలగొట్టాడు.

సాన్ ఫ్రాన్సిస్కో మఠంలో మరొక విషయం గమనించాలి. పదహారవ శతాబ్దంలో అక్కడి సన్యాసులు స్థానిక ఇండియన్లకు చిత్రలేఖనం, శిల్పం నేర్పే పాఠశాల నడిపారు. ఆ నేర్పు తరతరాలకు సాగి కీటో సంప్రదాయమనే కళారీతిగా రూపొందింది. పద్దెనిమిదవ శతాబ్దంలో కాస్పికారా అని పేరుపడ్డ ఇండియన్ శిల్పి మాన్యుయేల్ చిలి కొయ్యలో చెక్కిన బొమ్మలు ప్రాణమున్నవా అనిపిస్తాయి. విగ్రహాలలోని దైవం ఐరోపాదైనా, ఉలి పట్టిన చేయి ఆండీస్‌దే. ఆ సంగతి తెలిసి చూసేవానికి బంగారం ఒక్కటే కనిపించదు.

ఇదే మఠంలో బెర్నార్డో దె లెగార్డా 1734లో చేసిన రెక్కల మేరీమాత విగ్రహమున్నది. దానిని అనుసరించి 1976లో పానెసియ్యో గుట్టపై నిలిపిన పెద్ద విగ్రహం నగరంలో చాలా తావులనుండి కనిపిస్తుంది. సుమారు 7,000 అల్యూమినియం ముక్కలు కూర్చి దానిని నిర్మించారు.

నగరానికి ఉత్తరాన భూమధ్యరేఖా స్మారకం వున్నది. దాని వెనుక ఒక పెద్ద వాదం వున్నది. భూమి ధ్రువాలవద్ద అణగి, నడుమ ఉబ్బి వున్నదని న్యూటన్ సిద్ధాంతం. కాదు, ధ్రువాలవైపు సాగి వున్నదని ఫ్రాన్సులో కొందరి మతం. ఇది తేల్చుకొనుటకు ఫ్రెంచి అకాడమీ ఒక బృందాన్ని ఉత్తరాన లాప్‌లాండుకు, వేరొక బృందాన్ని కీటోకు పంపింది. కీటో బృందంలోని గోదాన్, బూగే, లా కోందామీన్ 1736లో ఆ నగరం చేరి, చలిలో, కొండలలో ఏండ్ల తరబడి కొలతలు తీశారు. ఒక డిగ్రీ అక్షాంశపు నిడివి రేఖవద్దకంటె ధ్రువంవైపున ఎక్కువని తేలింది. న్యూటన్ మాట నెగ్గింది. ఇటువంటి కొలతలనే 1802లో మద్రాసువద్ద విలియం లాంబ్టన్ ఆరంభించి తెలుగుసీమ మీదుగా ఉత్తరానికి సాగించాడు.

నేటి స్మారకం 1979-82 మధ్య కట్టినది. ఎత్తు 30 మీటర్లు. అక్కడి పసుపుపచ్చ గీతకు ఇరువైపులా కాళ్లుంచి ఫోటో తీయించుకోని యాత్రికుడు అరుదు. కాని ఉపగ్రహ సాధనాలతో కొలిస్తే అసలు రేఖ ఆ గీతకు సుమారు 240 మీటర్లు ఉత్తరంగా వున్నది. ఆ తేడా ఒక డిగ్రీలో 460వ వంతు మాత్రమే.

దగ్గరలోనే ఒక వినోదం చూపుతారు. తొట్టిలో నీరు రేఖకు ఒకప్రక్కన ఒకవైపు, రెండవప్రక్కన మరొకవైపు సుడి తిరుగుతుంది! ఇది నమ్మదగినది కాదు. భూభ్రమణం వల్ల మన బంగాళాఖాతపు తుపానులు గడియారపు ముండ్లకు ఎదురుగా, దక్షిణార్ధగోళపు తుపానులు ముండ్ల వెంట తిరిగే మాట నిజం. కాని ఆ ప్రభావం వందలాది మైళ్ల గాలిమీద పనిచేసేది. చిన్న తొట్టిలో సుడిని నిర్ణయించేది నీరు పోసే తీరు, బిరడా లాగే తీరు. నిజమైన వింత వేరొకటి వున్నది. ధ్రువంవద్ద స్ప్రింగుత్రాసులో 100 కిలోలు తూగే వస్తువు రేఖవద్ద సుమారు అరకిలో తక్కువ తూగుతుంది.

పిచించా అగ్నిపర్వతాన్ని చివరిరోజుకు వుంచుకోవాలి. అప్పటికి శరీరం ఎత్తుకు అలవాటుపడుతుంది. 2005లో ప్రారంభమైన తీగమార్గం దాని వాలుమీద 3,900 మీటర్లకు పైగా చేరుస్తుంది. ఈ పర్వతపు వాలుననే 1822 మే 24న సుక్రే సేనాని గెలిచిన యుద్ధంతో కీటోకు స్పెయిన్ పాలన తొలగింది. 1999 అక్టోబరులో ఈ పర్వతమే నగరం మీద బూడిద కురిపించింది. పైనుండి చూస్తే కొండల నడుమ పొడుగాటి పట్టీవలె పరచుకొన్న ఊరు, అందులో పాత గుడుల తెల్లని గోడలు కనిపిస్తాయి. ఇటువంటి పొరుగును నెత్తిమీద పెట్టుకొని కూడ కీటోవారు నాలుగువందల ఏండ్ల నాటి కట్టడాలను నిలుపుకొంటూ వస్తున్నారు.