యల్లాప్రగడ సుబ్బారావును నిలబెట్టినదేమిటి?

ఉష్ణమండల స్ప్రూ అని ఒక పేగుజబ్బు ఉంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు కట్టవు, నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది. నెలలు గడిచేకొద్దీ మనిషి ఎముకలగూడు అవుతాడు. మన పెద్దలు గ్రహణి అని పిలిచిన జబ్బుల్లో ఇదీ ఒకటి. ఇవాళ దీనికి డాక్టర్లు ముఖ్యంగా రెండు మందులు రాస్తారు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. కొన్ని నెలల పాటు క్రమం తప్పకుండా వాడితే చాలామంది తేరుకుంటారు.

ఈ రెంటిలో మొదటిదాన్ని ప్రయోగశాలలో తయారుచేసినవారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లాబొరేటరీస్ శాస్త్రజ్ఞులు. రెండోదాని కుటుంబంలో తొలి మందును వెలికితీసిందీ అక్కడే. 1942 నుంచి ఆ సంస్థ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాతో కన్నుమూసింది ఈ స్ప్రూతోనే.

ఈ కథను మనవాళ్లు ఎప్పుడు చెప్పుకున్నా ఒకే చోట ముగిస్తారు. కష్టాలే ఆయన్ని అంతవాణ్ణి చేశాయంటారు. ఆ మాట నాకు మింగుడు పడదు. కష్టం ఒంటికీ మనసుకూ ఏం చేస్తుందో కొలిచి చూసిన శాస్త్రం ఇవాళ మన చేతిలో ఉంది. అది చెప్పేది వేరు.

ముందు ఆయన పడ్డవేమిటో చూద్దాం. 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే వదులుకున్నారు. పదమూడేళ్ల వయసులో, కాశీ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి నాలుగు డబ్బులు సంపాదిద్దామని పిల్లవాడు ఇల్లు వదిలితే పెద్దలు పట్టి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలో అడుగుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపయింది. ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసిన మనిషికి అంతకన్న చిన్నదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బు తననూ పట్టుకుంది.

1922 అక్టోబర్ 26న బోస్టన్ చేరారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: భారతీయులు తెల్లవారి లెక్కలోకి రారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి సీటు ఉంది గానీ స్కాలర్‌షిప్పు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగి రోజులు నెట్టుకొచ్చారు. ఇక్కడ ఇంటి దగ్గర కొడుకు పుట్టి పసిప్రాయంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు.

ఇన్ని దెబ్బలు ఒక మనిషిని రాటుదేలుస్తాయా? సగటున చూస్తే దేల్చవు, దెబ్బతీస్తాయి. అమెరికాలోనే శాన్‌డియాగోలో డాక్టర్ విన్సెంట్ ఫెలిటి, డాక్టర్ రాబర్ట్ ఆండా, వారి సహచరులు చేసిన పెద్ద అధ్యయనం 1998లో వెలువడింది. ఆస్పత్రిలో పరీక్షలు చేయించుకున్న 9,508 మంది పెద్దవాళ్లను, చిన్నతనంలో ఏమేం అనుభవించారని అడిగారు. కొట్టడం, హింసించడం, ఇంట్లో తాగుడు, తల్లిపై దౌర్జన్యం, ఇంట్లో ఒకరు జైలుకు పోవడం లాంటివి. ఏదీ లేనివారితో పోలిస్తే, నాలుగు లేదా అంతకన్న ఎక్కువ రకాల బాధలు పడ్డవారికి తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు హెచ్చుగా కనిపించింది. వాళ్లలో గుండెజబ్బులూ క్యాన్సర్లూ కూడా ఎక్కువే.

దీనికి కారణం మన ఒంట్లోనే ఉంది. ప్రమాదం ఎదురైతే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి దూకుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చక్కెర కండరాలకు చేరుతుంది. ప్రమాదం పోగానే ఇవన్నీ సద్దుమణగాలి. బాధ నెలల తరబడి, ఏళ్ల తరబడి తగ్గకపోతే ఆ హార్మోన్లూ తగ్గవు. రక్తపోటు పెరుగుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి సడలుతుంది, జ్ఞాపకాలకు ఆధారమైన మెదడు భాగం దెబ్బతింటుంది. బ్రూస్ మెక్‌ఈవెన్ అనే న్యూయార్క్ శాస్త్రజ్ఞుడు జీవితమంతా దీన్నే పరిశోధించాడు. ఈ అరుగుదల పేదవాడి ఒంట్లో ముందుగా మొదలవుతుంది.

అయినా కొందరు నిలబడతారు. ఎందుకని? ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఓపికగా జవాబు వెతికినవారు ఎమీ వెర్నర్, రూత్ స్మిత్. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని పుట్టుక నుంచి నలభై ఏళ్లు వచ్చేదాకా వెన్నంటి గమనించారు. చెరకు తోటల కూలీల పిల్లలు చాలామంది. పేదరికం, కష్టమైన కాన్పు, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు, ఇలా అనేక కష్టాలు ఒక్కసారే మీద పడ్డ పిల్లల్ని విడిగా లెక్కించారు. వారిలో మూడింట రెండు వంతులు చదువులోనో నడవడిలోనో దెబ్బతిన్నారు. మిగతా మూడో వంతు పిల్లలు మాత్రం చక్కగా చదివి, పనిచేసుకుంటూ, ఇతరుల మంచిచెడ్డలు చూసే పెద్దవాళ్లయ్యారు.

ఆ మూడో వంతు పిల్లల్లో ప్రత్యేకత ఏమిటని చూస్తే అసాధారణమైనది ఏదీ దొరకలేదు. నలుగురితో ఇట్టే కలిసే స్వభావం కొంత ఉంది. అంతకన్న ముఖ్యంగా, ప్రతివాడికీ తనను పట్టించుకునే పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉన్నారు. కన్నవాళ్లే కానక్కర్లేదు. అమ్మమ్మో, పిన్నో, పంతులుగారో, పొరుగింటావిడో ఎవరైనా సరే. ఇంకొకటి కూడా తేలింది, నా దృష్టిలో ఇదే పెద్ద ఫలితం. పద్దెనిమిదేళ్లకు చెడిపోయారని లెక్కవేసిన వాళ్లలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలు వచ్చేసరికి తేరుకున్నారు. ఊళ్లో కాలేజీ, సైన్యంలో ఉద్యోగం, నిలకడైన జీవిత భాగస్వామి, ఆదరించిన భక్త సమాజం, ఇలా రెండో అవకాశం ఇచ్చింది ఏదో ఒకటి వారికి దొరికింది. మిన్నెసోటాలో ఇదే విషయం పరిశోధించిన ఆన్ మాస్టెన్ కూడా, తట్టుకునే శక్తి ఏ కొద్దిమందికో పుట్టుకతో వచ్చే వరం కాదనీ, మామూలు మనుషుల మధ్య మామూలుగా ఉండే బంధాల నుంచి వస్తుందనీ చెప్పారు.

ఇప్పుడు మళ్లీ సుబ్బారావు కథ చదవండి. కాశీ దారి పట్టిన పిల్లవాణ్ణి తల్లి వెంకమ్మ పట్టుబట్టి మళ్లీ బడికి పంపింది. రెండుసార్లు తప్పినవాడికి మూడోసారి పరీక్ష రాసే అవకాశం దొరికింది. స్ప్రూతో మంచం పట్టినప్పుడు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో లేపి కూర్చోబెట్టారు, తర్వాత ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగమూ ఇచ్చారు. ఓడ ఖర్చులకు మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఇస్తానంది. రంగూన్‌లో గడించిన ఆస్తిని ఊరివాళ్ల మేలుకు రాసిచ్చిన దాత పేరు మీద నడిచే సంస్థ అది. భార్య శేషగిరి ఆయన కోసం వెనక ఉండిపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఆ కథలో అతి పెద్ద మూల్యం చెల్లించింది ఆమేనని నా నమ్మకం, ఆమె పేరు మాత్రం ఎక్కడో గానీ కనబడదు.

ఇక ఆయన పట్టుదల. అది ఏ రూపంలో ఉండేదో తెలియాలంటే ప్రయోగశాలలోకి వెళ్లాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి, ఒంట్లోని ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి 1925లో ప్రకటించారు. నమూనాలోంచి ప్రొటీన్లు తీసేసి, ఆమ్లం కలిసిన మాలిబ్డేట్ పోస్తారు. ఫాస్ఫేట్ దానితో కూడుతుంది. ఆ పైన ఇంకో రసాయనం వేస్తే నీలిరంగు తేలుతుంది. ఎంత చిక్కటి నీలమో అంత భాస్వరం. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దశాబ్దాల తరబడి ఈ పద్ధతినే వాడారు.

కండరాల రసంతో ఈ పరీక్ష చేస్తే చిక్కొచ్చింది. నీలిరంగు వెంటనే స్థిరపడకుండా, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. ఇంకొకరైతే పరీక్ష సరిగ్గా రాలేదని ఆ గొట్టం పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటును ఏదో పదార్థం పట్టి ఉంచుతోంది, ఆమ్లం తగిలేకొద్దీ మెల్లగా వదిలిపెడుతోంది. 1927లో అది ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. కండరం ముడుచుకోవడానికి అప్పటికప్పుడు అందివచ్చే శక్తి నిల్వ అదే. 1929లో, కణాలు శక్తిని వాడుకునే రూపమైన ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సమయంలో విడిగా కనిపెట్టాడు. ఈ వాక్యం చదవడానికి మీ కంటి కండరాలు ఖర్చుపెడుతున్నది ఆ ఏటీపీనే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీకి వెళ్లిపోయారు.

అక్కడ మొదలైంది ఫోలిక్ యాసిడ్ వేట. 1931 నాటికే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, మిల్లు కూలీల కుటుంబాల్లో రక్తహీనతతో పాలిపోతున్న గర్భిణులు ఈస్టు సారంతో కోలుకోవడం గమనించింది. ఆ సారంలో ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర వడగట్టి చిటికెడు పదార్థం తీశారు. సుబ్బారావు బృందం దాని నిర్మాణం తేల్చి 1945లో కృత్రిమంగా తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏకు నకలు తయారుచేసుకోవాలి. అందుకు ఈ విటమిన్ కావాలి. ఎముక మజ్జలో ప్రతి క్షణం లక్షల రక్తకణాలు పుడతాయి కనక, ఇది కరువైతే మొదట అక్కడే పని ఆగుతుంది. కణాలు బాగా పెరుగుతాయి గానీ చీలలేవు. రక్తంలో పెద్దవైన, పనికిమాలిన కణాలు మిగులుతాయి. స్ప్రూ రోగి పాలిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. చెడిన పేగు ఆహారంలోని ఈ విటమిన్‌ను పీల్చుకోలేదు.

ఇదే జ్ఞానాన్ని తిరగేస్తే క్యాన్సర్ మందు వచ్చింది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా కణాలకు ఈ విటమిన్ అందకుండా చేయాలనుకున్నాడు. లెడర్లీ బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే అమినోటెరిన్ చేసి పంపింది. దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కున్నట్టు అది ఎంజైములో చిక్కుకుని అసలు విటమిన్‌ను పనిచేయనివ్వదు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ రక్త క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడతారు. బోదకాలుకు ఏటా మనవాళ్లకు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర కూడా 1947లో లెడర్లీ నుంచి వచ్చిందే. డెబ్బై ఏళ్లు దాటి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి పిలిచి పని అప్పజెబితే, మిస్సోరి మట్టిలోంచి ఆయన తీసిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్‌లకు తొలిబిడ్డ. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో పోయారు.

అమెరికాలో 1998 నుంచి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశారు. దాంతో వెన్నుపాము లోపాలతో పుట్టవలసిన సుమారు 1,300 మంది బిడ్డలు ఏటా ఆ లోపం లేకుండా పుడుతున్నారని అక్కడి ప్రభుత్వ వైద్యసంస్థ లెక్క.

ఇక కష్టాలే మనిషిని తీర్చిదిద్దాయని చెప్పుకునే కథల విషయానికొస్తే, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త డాన్ మెక్‌ఆడమ్స్ నడివయసు అమెరికన్ల చేత తమ జీవితకథలు చెప్పించి పరిశీలించాడు. రాబోయే తరం కోసం శ్రమించేవాళ్లు తమ కథను ఎక్కువగా ‘కష్టం వచ్చింది, అందులోంచి మేలు పుట్టింది’ అన్న వరుసలో చెప్పుకుంటారని తేల్చాడు. అలా చెప్పుకోవడం చెప్పుకునేవారికి బలమిస్తుంది. దాన్ని నేను కాదనను. తన కష్టం గురించి తానే చెప్పుకోవడం ఒకటి, ఇంకొకడి కష్టాన్ని మనం పొగడడం ఇంకొకటి. రెండోది చేసినప్పుడు, పడిపోయినవాడిది పట్టుదల లేకపోవడమే అని ఒక తీర్పు మాటల్లో పడకుండానే వెళ్లిపోతుంది. పురుషోత్తం, కృష్ణమూర్తి సుబ్బారావుకన్నా తక్కువ పట్టుదల ఉన్నవాళ్లని ఎవరనగలరు? వాళ్లకు లేనిది మందు.

అందుకే పిల్లలకు సుబ్బారావు కథ చెప్పేటప్పుడు వెంకమ్మ, లక్ష్మీపతి, సూర్యనారాయణ మూర్తి, శేషగిరి పేర్లు కూడా చెప్పండి. కాకినాడ ధర్మసంస్థ పేరు చెప్పండి. అమెరికాలో స్థిరపడి సొంతూరికి ఏదైనా చేద్దామనుకునే పాఠకులకు నాదొక విన్నపం. మొదటి ర్యాంకు వచ్చినవాడికి బహుమతి ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఊరి బడిలో పదో తరగతి రెండుసార్లు తప్పిన పిల్లలెవరో కనుక్కుని, మూడోసారి పరీక్ష ఫీజు మీరు కట్టండి.