పిల్లి నోరు విప్పి చెప్పదు



మన సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో పిల్లి తిరగని ఇల్లు ఉండదు. మైపాడు కానివ్వండి, కృష్ణపట్నం కానివ్వండి, చేపల బుట్ట గడపలో దిగేసరికి ఎక్కడినుంచో వచ్చి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఓ తలకాయో తోకో పడేస్తాం. "దాని పళ్ళకేం, ముళ్ళు కూడా నమిలేస్తుంది" అనుకుంటాం. నేనూ అట్లా అనుకున్నదాన్నే. అందుకే ఈవేళ పిల్లి పళ్ళ సంగతి చెప్పబోతున్నాను. నవ్వకుండా వినండి మరి!

మా ఇంట్లో చుక్కి అని తొమ్మిదేళ్ళ పిల్లి ఉంది. పోయినేడు అది గిన్నె దగ్గరికి పరుగున రావడం, ఒక ముక్క నోట పెట్టి వదిలేయడం మొదలుపెట్టింది. "ఏందే, నీకు రోజూ వంజరమే కావాల్నా?" అని కసురుకున్నాను. "ముసలిదై పోయిందిలే అమ్మాయ్" అన్నారు మా అత్తగారు. ఒళ్ళు నాక్కోవడం మానేసింది. బొచ్చు అట్టలు కట్టింది. ఒకనాడు ఆవలిస్తుంటే చూశాను కదా, దవడ పన్ను చుట్టూ చిగురు ఎర్రగా పుండై ఉంది.

అయ్యో నొప్పి కదా అని, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ సగం విరిచి పాలల్లో కలపబోయాను. పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఎదురింటి అబ్బాయి చూసి, "అక్కా, ఆగండి! పిల్లికి అది విషం" అని కేకేశాడు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి ఒంటికి లేదట. ఒక్క బిళ్ళ చాలు, ప్రాణం పోవడానికి. తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. డాక్టరుగారు మత్తిచ్చి రెండు పళ్ళు తీసేశారు. వారం తిరిగేసరికి చుక్కి మళ్ళీ గిన్నె ఖాళీ చేస్తోంది. అన్నాళ్ళూ నొప్పి పడిన మూగజీవాన్ని నేను తిట్టాను!

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. అరవదు, మూలగదు. కాబట్టి కనిపెట్టవలసింది మనమే.

పెద్ద పిల్లికి 30 పళ్ళుంటాయి, పైన 16, కింద 14. పాలపళ్ళు 26. ఆరు నెలల వయసుకు అవి ఊడి అసలు పళ్ళు వచ్చేస్తాయి. తిన్న తిండి తాలూకు పాచి పళ్ళమీద పేరుకుంటుంది. తీయకపోతే కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. ఆ గార చిగురు కిందికి దిగి, చిగురు వాచి, పన్ను కదులుతుంది. మనకు వచ్చేలాంటి పుచ్చు పిల్లులకు సాధారణంగా రాదు. కానీ వయసు మళ్ళిన పిల్లుల్లో పన్ను తనంతట తనే కరిగిపోయే జబ్బు ఒకటి ఎక్కువ. అది చాలా బాధ పెడుతుంది.

గుర్తులు చెబుతాను. నోరు దుర్వాసన కొట్టడం, చొంగ కారడం, ఒకవైపే నమలడం, ముక్క జారవిడవడం, పంజాతో మూతి గీరుకోవడం. వీటిలో ఏది కనిపించినా "అది దాని తీరులే" అనుకోవద్దు. రెండు రోజులు పూర్తిగా తిండి మానితే కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు.

ఇక పళ్ళు తోమడం. పిల్లి మెడలో గంట కట్టడమే కష్టమంటే, నోట్లో వేలు పెట్టేదెవరు అంటారా? నెమ్మదిగా చేస్తే అలవాటవుతుంది. మొదటి వారం ఒళ్ళో కూచోబెట్టుకుని బుగ్గలు నిమరండి, అంతే. రెండో వారం ఉప్పు వేయకుండా చేప ఉడికించిన నీళ్ళలో వేలు ముంచి చిగుళ్ళు తాకండి. ఆ తర్వాత వేలికి మెత్తని నూలుగుడ్డ చుట్టి, పళ్ళ వెలుపలి వైపు మాత్రం రుద్దండి. అర నిమిషం చాలు. రోజూ చేస్తే మంచిది. చిగుళ్ళు అప్పటికే ఎర్రబడి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, ముందు డాక్టరుకు చూపించాలి. మన పేస్టు, ఉప్పు, లవంగనూనె వాడకండి. పిల్లి ఉమ్మదు, మింగేస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

తిండి విషయం మన నెల్లూరి వాళ్ళకు తప్పక చెప్పాలి. మిగిలిన చేపల పులుసు పిల్లికి పోస్తుంటాం. అందులోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడుచేస్తాయి. పులుసు కలిపేముందే రెండు ముక్కలు పక్కకు తీసి, వట్టి నీళ్ళలో ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టండి. ముల్లు చిగుట్లోనో గొంతులోనో గుచ్చుకుంటే అవస్థ. ఎప్పుడూ పచ్చి చేపే పెట్టడం కూడా మంచిది కాదు. కొన్ని చేపల్లోని పదార్థం బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది.

గారను గోటితో గీకితే లాభం లేదు, కీడు చేసేది చిగురు కింద ఉన్న గార. దాన్ని మత్తిచ్చి డాక్టరే తీయాలి. దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో అడగండి. అక్కడ ఆ పని కాకపోతే, 1955లో మొదలైన పశువైద్య కళాశాల మనకు తిరుపతిలోనే ఉంది.

ఈసారి చేపల బుట్ట దిగినప్పుడు, కాళ్ళకు చుట్టుకునే ఆ ప్రాణికి ముక్క వేసేముందు ఒక్కసారి పెదవి ఎత్తి చూడండి. చిగురు గులాబీరంగులో ఉంటే సంతోషం. ఎర్రగా ఉంటే నాలాగా ఆలస్యం చేయకండి.

సెలవు.