సెలవు ముగిసిన లారీ డ్రైవరు: తొలి రాత్రి ప్రయాణము

సంక్రాంతికి స్వగ్రామము పోయి పది దినములు ఇంటిపట్టున గడపిన లారీ డ్రైవరు నొకనిని ఊహింపుడు. పదకొండవ నాడు అతడు అలవాటు చొప్పున ఉదయము అయిదు గంటలకు లేచి, పొలము చూచుకొని, మధ్యాహ్నము బస్సెక్కి గుంటూరు చేరును. సాయంకాలము మిరపకాయల బస్తాలు ఎక్కింపించి, రాత్రి తొమ్మిది గంటలకు కోల్‌కతా దారి పట్టును. పది దినములు హాయిగా విశ్రమించినవాడు గదా, ఈ రాత్రి అతనికి నిద్ర బాధ యుండదని యజమానియు, అతడును తలంతురు. శరీరశాస్త్రము మాత్రము ఇందుకు అంగీకరింపదు.

బయలుదేరుటకు ముందు బండిని పరీక్షించుట ఆచారము. కదలక నిలిచిన బండిలో బ్యాటరీ కొంత శక్తిని కోల్పోవును. టైర్లలో గాలి తగ్గవచ్చును; అందుచే క్లీనరు ఒక్కొక్క టైరును ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు వినును. పెద్ద లారీల బ్రేకులు గాలి ఒత్తిడిచే పనిచేయును. బండి నిలిచియున్నప్పుడు ట్యాంకులలోని గాలి మెల్లమెల్లగా జారిపోవును గనుక, ఇంజను నడిపి, కంప్రెసరు గాలిని తిరిగి నింపి, మీటరు ముల్లు తగిన చోటికి వచ్చువరకు బండిని కదపరాదు. ఇట్లు బండికి కావలసినవాటి కెల్ల ఏదో యొక కొలత యున్నది. నడుపువాని మెలకువను కొలుచు ముల్లు మాత్రము మన లారీలలో చాలవాటికి లేదు.

మెలకువను రెండు శక్తులు నిర్ణయించును. మొదటిది నిద్ర ఒత్తిడి. మనము మేల్కొనియున్నంత సేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము క్రమముగా పేరుకొనును. అది హెచ్చిన కొలది మగత హెచ్చును. నిద్రలో అది తగ్గిపోవును. మరుసటి ఉదయము కన్ను తెరచిన క్షణము నుండి మరల పేరుకొన నారంభించును. నిద్ర గాదెలోని ధాన్యము వంటిది కాదు. పది రాత్రులు కంటినిండ నిద్రించినంత మాత్రమున పదకొండవ రాత్రి నిద్ర లేకుండ గడపుట సాధ్యము కాదు.

రెండవది శరీరములోని గడియారము. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి జాతి మొక్క నొకదానిని చీకటిలో నుంచెను. సూర్యకాంతి సోకకున్నను దాని ఆకులు పగటివేళ విచ్చుకొని, రాత్రివేళ ముడుచుకొనుచునే యుండెను. కాలమును తెలిసికొను సాధనము జీవిలోనే కలదని ఇట్లు మొదటిసారి సూచన లభించెను. ఈ గడియారము కణములలో ఏ విధముగ నడచునో ఈగల యందు పరిశోధించి కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యునిలో ఈ గడియారమునకు కేంద్రము మెదడు అడుగుభాగమున హైపోథలామస్‌లో నున్నది. కంటిలో పడు వెలుగును బట్టి ఇది తన వేళను సరిచేసికొనును. చీకటి పడినపుడు మెలటోనిన్ అను హార్మోను ఊరుటకు అనుజ్ఞ నిచ్చును. తెల్లవారుజామున శరీరోష్ణమును కనిష్ఠ స్థాయికి దించును. ఈ గడియారమును ఇటునుండి అటు త్రిప్పుట సులభము కాదు. సుమారుగా దినమునకు ఒక గంట మాత్రమే అది జరుగును. పది దినములు పల్లెలో పగలు పనిచేసి రాత్రి నిద్రించిన డ్రైవరు గడియారము పూర్తిగా పగటి గడియారమై పోయినది. సెలవు అతని అలసటను తీర్చినది. కాని రాత్రి పనికి ఏమాత్రము సిద్ధపరుపలేదు.

తెల్లవారుజాము మూడు గంటలకు లారీ అన్నవరము దాటి తుని వైపు సాగుచుండును. అప్పటికి డ్రైవరు మేల్కొని 22 గంటలైనది. అడినోసిన్ నిండుగా నున్నది. గడియారము నిద్రవేళ యని ఘోషించుచున్నది. రెండు శక్తులును ఒక్కసారి పైబడు వేళ యిది. 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్నవాని నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యసార మున్నవాని నేర్పు స్థాయికి దిగునని 1997లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపెను. మన చట్టము వాహనము నడుపువానికి విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. చుక్క మద్యము ముట్టకయే ఈ డ్రైవరు మత్తులో నున్నవానితో సమానుడగుచున్నాడు.

ఈ స్థితిలో మెదడు కొన్ని క్షణములపాటు తనంత తాను నిద్రపోవును. దీనిని క్షణిక నిద్ర యనవచ్చును. కన్నులు తెరచియున్నను ఇది సంభవింపవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. మెలకువగా నున్న డ్రైవరు ఎదుట ఆగిన బండిని చూచి బ్రేకు తొక్కుటకు ఒక సెకను పట్టిన, అందులో 17 మీటర్లు గడచును. బ్రేకులు వేగమును సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గించునని కొన్నచో, ఆగుటకు మరి 28 మీటర్లు కావలెను. మొత్తము 45 మీటర్లు. నాలుగు సెకన్ల క్షణిక నిద్ర దీనికి 67 మీటర్లు చేర్చును. అప్పుడు 45కు బదులు 112 మీటర్లు! ఎంత మంచి బ్రేకైనను కాలు మోపనంత సేపు పనిచేయదు గదా.

అన్నిటికంటె ప్రమాదకరమైన సంగతి మరియొకటి కలదు. నిద్రమత్తు తీర్పు చెప్పు శక్తిని గూడ చెరచును. “ఇంకొక గంట నడపగలను” అని డ్రైవరు చెప్పునపుడు, ఆ మాట చెప్పుచున్నదియు మత్తులోనున్న మెదడే. కిటికీ తెరచుట, పాటలు పెట్టుట కొలది నిమిషములు మాత్రమే ఉపకరించును. టీలోని కెఫీన్ అడినోసిన్ పనిచేయు స్థానములను అడ్డుకొనును. కాని పేరుకొన్న అడినోసిన్‌ను తొలగింపదు. పైగా దాని ఫలితము కనబడుటకు సుమారు అరగంట పట్టును. కావున టీ త్రాగి, బండిని భద్రమైన చోట నిలిపి, ఇరువది నిమిషములు నిద్రించుట మేలు. లేచిన వెంటనే నడపక, ముఖము కడుగుకొని, మత్తు వీడువరకు పది పదిహేను నిమిషములు ఆగవలెను. అదియును తాత్కాలికమే. నిద్ర అప్పును నిద్రయే తీర్చును.

మోటారు రవాణా కార్మికులకై 1961లో చేయబడిన చట్టము సామాన్యముగా దినమునకు 8 గంటల పనిని హద్దుగా నిర్ణయించెను. అయితే పని గంటల లెక్క పనిలో దిగినప్పటి నుండి మొదలగును; శరీరపు లెక్క నిద్ర లేచినప్పటి నుండి మొదలగును. సెలవు నుండి వచ్చినవానికి మొదటి ప్రయాణము పగటిపూట నిచ్చుట ఉత్తమము. అది వీలుకానిచో బయలుదేరు దినమున మధ్యాహ్నము రెండు గంటలైన నిద్రించుటకు చోటు చూపుట యజమాని ధర్మము.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒకరు అడుగుబద్దను నిలువుగా పట్టుకొని చెప్పకుండ వదలవలెను. దాని క్రింది కొన వద్ద వ్రేళ్లు చాచియుంచిన మరియొకరు పట్టుకొనవలెను. బద్ద 20 సెంటీమీటర్లు జారినచో పట్టుటకు సుమారు 0.2 సెకను పట్టినదన్నమాట. ఇదే పరీక్షను ఇంటివారి సహాయముతో పండుకొనబోవు ముందు, తెల్లవారి నిద్ర తేరిన పిదప పలుమార్లు చేసి, సగటులను పోల్చి చూడవలెను. కొన్ని సెంటీమీటర్ల తేడా బల్లమీద చిన్నదిగ తోచును. రహదారిపై నిండు బరువుతో పరుగెత్తు లారీకి అది అంతకు ఎన్నో రెట్లగును. ఆ దూరములో ఒక మనుష్యుడు నడచుచుండవచ్చును.